ఉస్మాన్‌సాగర్ వాటర్‌షెడ్: క్యూజీఐఎస్‌లో పడమటి హద్దు తెగిపోతోంది

వాగు_పటం:
క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నాను. గండిపేట చెరువుకు (ఉస్మాన్‌సాగర్‌కు) నీళ్లొచ్చే ప్రాంతమే, అంటే దాని వాటర్‌షెడే, నా స్టడీ ఏరియా. ఎస్‌ఆర్‌టీఎం 30 మీటర్ల డెమ్‌ని (ప్రతి పిక్సెల్‌లో నేల ఎత్తు ఉండే పటాన్ని) రంగారెడ్డి జిల్లా హద్దుతో క్లిప్ చేసి, క్యూజీఐఎస్‌లోని గ్రాస్ టూల్స్‌తో వాటర్‌షెడ్ తీశాను. పడమటి అంచు కత్తితో కోసినట్టు వస్తోంది. ఏరియా ఫంక్షన్ 0.03 చూపిస్తోంది. మీటర్లలో రావాలని సెట్ లేయర్ సీఆర్‌ఎస్‌లో (సీఆర్‌ఎస్ అంటే కోఆర్డినేట్ల పద్ధతి) 32644, అంటే మీటర్లలో ఉండే 44వ యూటీఎం జోన్ కోడ్ ఇస్తే లేయరే మాయమైంది. తేడా ఎక్కడ?

డెమ్_రాజు:
ముందే క్లిప్ చేయడమే తేడా. మూసీ పుట్టేది అనంతగిరి కొండల్లో. 2016 నుంచి అది వికారాబాద్ జిల్లా. మీరు నది తల కోసేసి వాటర్‌షెడ్ అడుగుతున్నారు. ఆ 0.03 చదరపు డిగ్రీలు. ఇక్కడ చదరపు డిగ్రీ సుమారు 11,760 చ.కి.మీ. కాబట్టి మీకు వచ్చింది 350 చిల్లర. అసలు ఉండాల్సింది 740 దాకా.

ఎన్17ఈ077, ఎన్17ఈ078 టైల్స్ (డెమ్ ముక్కలు) రెండూ దించి మర్జ్ చేయండి. తర్వాత వార్ప్‌తో 32644కి మార్చండి: రిజల్యూషన్ 30, బైలీనియర్ (చుట్టుపక్కల పిక్సెల్స్ విలువలను కలిపి లెక్కకట్టే పద్ధతి), నోడేటా (విలువ లేని చోట పెట్టే అంకె) -9999. నోడేటా ఇవ్వకపోతే అంచుల్లో వచ్చే సున్నాలను సముద్రమట్టం అనుకుని నీళ్లన్నీ అటే పారతాయి. ఆపైన గ్రాస్‌లోని ఆర్.వాటర్‌షెడ్ టూల్, థ్రెషోల్డ్ (ఒక్కో ఉపబేసిన్ కనీస సైజు) 5000 సెల్స్, అంటే 4.5 చ.కి.మీ. దీనికి ముందు ఫిల్ సింక్స్ అక్కర్లేదు, గుంటలను అదే దాటుకుంటుంది.

అక్యుములేషన్‌లో (ఒక్కో సెల్‌కు పైనుంచి ఎన్ని సెల్స్ నీళ్లు చేరతాయో చూపే ఫలితంలో) మైనస్ విలువలు చూడండి. బయటి నుంచి కూడా నీళ్లు రావచ్చు, లెక్క తక్కువపడి ఉండొచ్చు అని వాటి అర్థం. మూసీ గీత వెంట మైనస్ కనిపిస్తే డెమ్ ఇంకా చాలనట్టే.

పిక్సెల్_పంతులు:
రాజు గారు చెప్పినదానికి తోడు, అవుట్‌లెట్ పాయింటు (వాటర్‌షెడ్ నీళ్లన్నీ బయటికి పోయే చోటు) దగ్గర జాగ్రత్త. చెరువు మధ్యలో నొక్కొద్దు. డెమ్‌లో నీటి ఉపరితలం బల్లపరుపుగా ఉంటుంది, అక్కడ గీతలు నమ్మదగ్గవి కావు. ఆనకట్టకు సరిగ్గా దిగువన, ఐడెంటిఫై టూల్‌తో అక్యుములేషన్ 8 లక్షల సెల్స్ దాపున ఉన్న పిక్సెల్ పట్టుకుని ఆ కోఆర్డినేట్లే ఆర్.వాటర్.అవుట్‌లెట్‌కి ఇవ్వండి. ఒక్క పిక్సెల్ పక్కకు జరిగినా నాలుగైదు సెల్స్ ముక్క వస్తుంది.

మాయమైన లేయరు హిందూ మహాసముద్రంలో, భూమధ్యరేఖ మీద ఉంటుంది, జూమ్ టు లేయర్ కొట్టి చూడండి! సెట్ లేయర్ సీఆర్‌ఎస్ పేరు మాత్రమే మారుస్తుంది, అంకెలను కాదు. దాన్ని 4326కి (డిగ్రీల సీఆర్‌ఎస్‌కి) తిప్పేసి రీప్రాజెక్ట్ లేయర్ వాడండి.

వాగు_పటం:
అనంతగిరి 78 డిగ్రీలకు పడమర కదండీ, అది 43వ యూటీఎం జోన్. రెండు జోన్లుగా చేయాలా?

డెమ్_రాజు:
వద్దండీ. 44లోనే ఉంచండి. 77.8 దగ్గర కూడా కిలోమీటరుకు తేడా ఒక మీటరే, 30 మీటర్ల పిక్సెల్‌కు అది లెక్కలోకి రాదు. వచ్చిన పాలిగాన్‌కి ఫిక్స్ జామెట్రీస్ కొట్టి, ఒక కిలోమీటరు బఫర్ వేసి, మిగతా డేటా దానితో క్లిప్ చేయండి. ల్యాండ్‌కవర్‌కు (నేల రకాల తరగతుల పటానికి) మాత్రం నియరెస్ట్ నైబర్, అంటే దగ్గరి పిక్సెల్ విలువనే తీసుకునే పద్ధతి. బైలీనియర్ పెడితే 2కీ 4కీ మధ్య లేని 3వ తరగతి పుట్టుకొస్తుంది.