అప్‌డేట్: గుంటూరులో ఒంటరిగా ఉంటున్న నాన్నగారు, అమెరికా కాన్సులేట్

పోయిన నెల నేను అడిగింది ఇదీ: అమ్మ పోయాక నాన్నగారు డల్లాస్ వదిలి గుంటూరు వెళ్లిపోయారు. ఆయన అమెరికా పౌరుడు. ఏదైనా అయితే కాన్సులేట్ సాయం చేస్తుందా?

చేస్తుంది, కానీ హద్దులున్నాయి. హైదరాబాద్ నానక్‌రామ్‌గూడలోని కాన్సులేటే తెలంగాణ, ఆంధ్ర, ఒడిశాలలో ఉన్న అమెరికన్లను చూసుకుంటుంది. మీరు చెప్పినట్టే ముందు STEPలో, అంటే విదేశాల్లో ఉన్న అమెరికన్లు పేరు నమోదు చేసుకునే అమెరికా ప్రభుత్వ కార్యక్రమంలో, ఆయన పేరు నమోదు చేశాను. ఉచితం. తుపానులు, గొడవల సమయంలో హెచ్చరికలు నేరుగా ఆయన ఈమెయిల్‌కి వస్తాయి. కోస్తాలో ఉన్నవాళ్లకి ఇది చిన్న విషయం కాదు.

నాకు అసలు తెలియని సంగతి ఇంకోటి. 1974 నాటి అమెరికా ప్రైవసీ చట్టం వల్ల, మామూలుగా ఆయన రాతపూర్వకంగా ఒప్పుకోకపోతే ఆయన వివరాలు కన్నకూతురికైనా చెప్పరు. విన్నప్పుడు చాలా బాధేసింది. తర్వాత ఆలోచిస్తే, అది ఆయన హక్కు కదా అనిపించింది. నాన్నగారితో మాట్లాడాను, "నీకు కాక ఇంకెవరికి చెప్పాలమ్మా" అన్నారు. సమ్మతి పత్రం సంతకం పెట్టి ఉంచుకున్నారు.

ఆసుపత్రి బిల్లు మాత్రం కాన్సులేట్ కట్టదు, డాక్టర్ల జాబితా ఇస్తుంది. మెడికేర్ (అమెరికాలో పెద్దవాళ్లకి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య బీమా) కూడా ఇండియాలో వైద్యానికి దాదాపు పనికిరాదు. అందుకే విడిగా ఇన్సూరెన్స్ చూస్తున్నాను, డెబ్బై దాటాక అదే పెద్ద టెన్షన్.

అమెరికా నుంచి అత్యవసరంగా ఫోన్ చేయాలంటే అమెరికా విదేశాంగ శాఖ నంబరు 1-888-407-4747. ఫ్రిజ్ మీద అంటించుకున్నాను.

ఓటు సంగతి అడిగినవారికి: విదేశాల్లో ఉన్న అమెరికా పౌరులు బ్యాలెట్ కోసం పెట్టుకునే పోస్ట్‌కార్డ్ దరఖాస్తు ఏటా జనవరిలో పంపడం మంచిదట. నాన్నగారు టెక్సస్‌కి పంపేశారు.