సెరటోనిన్ ఆకలి పెంచుతుందా, తగ్గిస్తుందా? పురుగుల్లో తేలింది మనకు చెల్లుతుందా?

సాగర్‌నగర్ తమ్ముడు
నిన్న ద్వారకానగర్‌లో ఒక మందుల షాపు కౌంటరు మీద కరపత్రం చూశాను. సెరటోనిన్ అనే నాడీ రసాయనాన్ని పెంచే మాత్రలు వేసుకుంటే ఆకలి తగ్గి కొవ్వు కరుగుతుందట, పురుగుల మీద రుజువైందట. మా అక్క అప్పటికే పర్సు తీసేసింది. చెయ్యి పట్టుకుని ఆపాను గాని, ఎందుకు వద్దో చెప్పలేకపోయాను. పురుగుల్లో నిజంగా ఏం తేలిందో తెలిసినవాళ్లు చెప్పండి.

మద్దిలపాలెం మాస్టారు
తమ్ముడూ, ఆ కాగితంలో కొవ్వు మాట నిజం, ఆకలి మాట తలకిందులు. వాళ్లు చెబుతున్న పురుగు కేనోరాబ్డైటిస్ ఎలిగాన్స్ అయ్యుంటుంది. మిల్లీమీటరు పొడవు, 302 నాడీకణాలు, తిండి బాక్టీరియా. ఎం.ఎస్సీ. పిల్లలకు మైక్రోస్కోపులో చూపిస్తుంటాను. ఒళ్లంతా గాజులా ఉంటుంది కాబట్టి తింటున్నది లోపలిదాకా కనిపిస్తుంది. గొంతు చివర గుండ్రటి ఉబ్బు, దాని మధ్యలో రుబ్బురోలు పొత్రం లాంటి చిన్న భాగం టకటకా కొట్టుకుంటూ ఉంటుంది. తిండి ఉన్నచోట నిమిషానికి 200 సార్లు పైమాటే. కంటితో లెక్క అందదు, వీడియో తీసి నెమ్మదిగా నడిపి లెక్కపెడతాం.

ఇప్పుడు తిండి తీసేసి సెరటోనిన్ కలిపిన ద్రావణంలో వెయ్యండి. ఎదురుగా ఒక్క బాక్టీరియా లేకపోయినా గొంతు జోరుగా ఆడుతుంది. 1982లోనే హార్విట్జ్ బృందం ఇది చూపించింది. అంటే ఈ పురుగులో సెరటోనిన్ తిండిని పెంచుతుంది.

మరి కొవ్వు? సెరటోనిన్ తయారుచేసుకోలేని పురుగుల గురించి 2000లో రవ్‌కున్ ల్యాబు రాసింది. వాటి గొంతు నెమ్మదిగా ఆడుతుంది, అయినా ఒంట్లో కొవ్వు పేరుకుంటుంది. తక్కువ తిని లావెక్కడం! సెరటోనిన్ ఇస్తే దీనికి ఎదురు, ఎక్కువ తింటూ కొవ్వు తగ్గుతుంది. 2008లో అష్రాఫీ బృందం ఈ చిక్కుముడి విప్పింది. తిండి పెంచే దారి వేరు, కొవ్వు కరిగించే దారి వేరు. గ్రాహకం అంటే కణంలో సెరటోనిన్ కబురు అందుకునే భాగం. ఒక గ్రాహకం పోగొడితే తిండి పెరగడం ఆగుతుంది, కొవ్వు మాత్రం కరుగుతూనే ఉంటుంది. మోడ్-1 అనే ఇంకో గ్రాహకం పోగొడితే తిండి పెరుగుతుంది, కొవ్వు కరగదు. నన్నడిగితే ఈ మొత్తం కథలో అసలు విలువైన సంగతి ఇదే. ఆకలి తగ్గింది కాబట్టి కొవ్వు తగ్గింది అన్న లెక్క ఈ పురుగు దగ్గరే తప్పిపోయింది.

అరకు దారి
మాస్టారూ, మీ మీద గౌరవంతోనే ఒక మాట. ఒక్క పురుగును చూసి సెరటోనిన్ తిండి పెంచుతుందని తేల్చడం నాకు మింగుడు పడటం లేదు. చీమలకూ కొన్ని ఈగలకూ సెరటోనిన్ ఇస్తే తిండి తగ్గింది. ఎలుకలో, మనిషిలో కూడా తగ్గించే వైపే. ఇన్ని జీవాల్లో ఇన్ని రకాలుగా పనిచేసేదానికి ఒకే అర్థం ఎలా కడతాం? నా మట్టుకు అది ఒట్టి తీగ లాంటిది. ఏ జీవి ఆ తీగను ఎక్కడ కలుపుకుంటే అక్కడ దీపం వెలుగుతుంది.

మద్దిలపాలెం మాస్టారు
చీమల సంగతి ఒప్పుకుంటాను. అయినా ఒట్టి తీగ అనడానికి మనసు ఒప్పదు, జలగను చూడండి. ఆకలిగొన్న జలగ కాలికి పట్టుకుంటే వదలదు. రక్తం తాగి ఉబ్బాక వేలు పెట్టినా కొరకదు, నెలల తరబడి తిండి జోలికి పోదు. వైద్యానికి వాడే జలగల మీద లెంట్, డికిన్సన్ 1980ల్లో పనిచేశారు. తిన్న జలగలో సెరటోనిన్ తగ్గి ఉంది. అదే నిండు జలగకు సెరటోనిన్ తగిలిస్తే మళ్లీ కొరకడం మొదలుపెట్టింది. సముద్రపు కుందేలు అనే పెద్ద నత్తలో కూడా సెరటోనిన్ విడిచే నాడీకణం నోటి కండరాలను తిండికి సిద్ధం చేస్తుంది. పురుగు, జలగ, నత్త మూడూ దూరపు చుట్టాలు, మూడింటా ఒకే వైపు. ‘తిండి దొరికింది, పని కానివ్వు’ అనే కబురులా ఉంది నాకు. ఆకలిగా ఉన్న పురుగు బాక్టీరియా తగలగానే మామూలుకన్నా ఎక్కువ నెమ్మదిస్తుంది, అక్కడే ఉండి తినడానికి. దానికీ సెరటోనినే కావాలి.

పెదవాల్తేరు ఫార్మసిస్టు
అక్కగారి విషయానికొస్తే, మనుషుల్లో సెరటోనిన్ దారి పట్టుకుని ఆకలి తగ్గించే మందులు వచ్చాయి, పోయాయి. ఫెన్‌ఫ్లురమిన్ గుండె కవాటాలు పాడుచేస్తోందని 1997లో అమెరికా మార్కెట్టు నుంచి తీసేశారు. లోర్కాసెరిన్‌ను 2020లో క్యాన్సర్ భయంతో వెనక్కి తీసుకున్నారు. డిప్రెషన్ మందు వాడుతున్నవాళ్లు సెరటోనిన్ పెంచేవి సొంతంగా కలిపితే ప్రాణం మీదికి వస్తుంది. దయచేసి డాక్టరును అడగకుండా కొనొద్దు.

అరకు దారి
జలగ దగ్గర తగ్గాను మాస్టారూ. కానీ కొవ్వు దారి మనకు చెల్లదనేగా చివరికి? మోడ్-1 సెరటోనిన్ తగలగానే తెరుచుకుని క్లోరైడ్ అయాన్లను కణంలోకి వదిలే ద్వారం. అలాంటిది పాలిచ్చే జంతువుల్లో లేదు.

మద్దిలపాలెం మాస్టారు
ద్వారం లేదు, నిజమే. అయితే దాని తర్వాతి మెట్లు చూడండి. పేగు కణాల్లో కొవ్వును విరిచే ఎంజైములు, మైటోకాండ్రియాలో దాన్ని కాల్చే పద్ధతి మనలోనూ ఉన్నవే. తాళం వేరైనంత మాత్రాన లోపలి గదులు వేరు కావు. ఆ మెట్లకు మన మెదడు నుంచి ఏ కబురు వెళ్తుందో వెతకడానికి పురుగు పనికొస్తుంది. మాత్ర అమ్మడానికి మాత్రం పనికిరాదు.

సాగర్‌నగర్ తమ్ముడు
అక్కకు మీ పోస్టు చదివి వినిపించాను. "అయితే ఆ పురుగు ఎక్కువ తిని సన్నబడిందా?" అని రెండుసార్లు అడిగింది. తనకు థైరాయిడ్ మాత్రలు కూడా ఉన్నాయి. సోమవారం డాక్టరు దగ్గరికి నేనే తీసుకెళ్తున్నాను.