కె=3 కి 6 ఎలా వస్తుంది? పొద్దున్నించీ ఇదే

మద్దిలపాలెం_మేడగది:
పొద్దున్న ఎనిమిదింటికి కూర్చున్నా, ఇప్పుడు రెండు. ఒక్క లెక్క దగ్గరే ఆగిపోయా. పట్టణాలు, వాటి మార్కెట్లు ఎలా పరుచుకుంటాయో చెప్పే క్రిస్టాలర్ కేంద్ర స్థల సిద్ధాంతంలో కె=3 కి నాకు 9 వస్తోంది, కీలో 6 అని ఉంది. నాలుగుసార్లు చేశా. 1, 3, 9, 27. మూడేసి రెట్లే కదా! కీ తప్పా, నేను తప్పా? టెన్షన్‌తో అన్నం కూడా తినలేదు. ఎవరైనా చెప్పండి ప్లీజ్.

గాజువాక_77:
ఏ పరీక్ష? ప్రశ్న పెట్టు.

మద్దిలపాలెం_మేడగది:
పీజీ ఎంట్రన్స్ అండి. ప్రశ్న అదే, కె=3.

గాజువాక_77:
అది ప్రశ్న కాదు.

పాత_భూగోళం_మాస్టారు:
తల్లీ, ముందు ఆ కాగితం పక్కన పెట్టి ఒకసారి బీచ్ రోడ్డు మీదకి వెళ్లి నిలబడు. తూర్పున ఏముంది? సముద్రం. మరి క్రిస్టాలర్ ప్రతి పట్టణం చుట్టూ గీసే మార్కెట్ షడ్భుజిలో ఆ సగం ఎవరికి పోసి అమ్ముతావు, చేపలకా? క్రిస్టాలర్ 1933లో దక్షిణ జర్మనీని చూసి రాసిన సిద్ధాంతం ఇది. చదునైన నేల ఉండాలి, జనం అంతటా సమానంగా ఉండాలి, అందరి చేతిలో డబ్బు ఒకేలా ఉండాలి, ఎటు వెళ్లినా ఖర్చు ఒకటే కావాలి. ఇవన్నీ ఒప్పుకుంటేనే షడ్భుజులు. మన ఊళ్లో ఒకవైపు డాల్ఫిన్ నోస్, ఇంకోవైపు కైలాసగిరి.
చిత్రమేమిటంటే అదే 1933లో మన పోర్టు మొదలైంది. చుట్టుపక్కల పల్లెలవాళ్లు వచ్చి ఉప్పు, కిరసనాయిలు కొనుక్కుంటే పెరిగిన ఊరు కాదిది. అప్పటి సెంట్రల్ ప్రావిన్సెస్ (మధ్య భారతం) మాంగనీసు ఓడెక్కడానికి పెరిగింది. తర్వాత కొత్తవలస–కిరండూల్ లైను మీద బైలడిల్లా ఇనుప ఖనిజం వచ్చింది. ఇలాంటి రేవు పట్టణాలకు వాన్స్ 1970లో చెప్పిన వర్తక నమూనానే, అంటే దూరప్రాంతాలతో వ్యాపారం వల్ల ఊరు పెరుగుతుందన్నదే, సరిపోతుంది. ఆ లైను సంగతి ఇంకా చాలా ఉంది, కావాలంటే రాస్తాను.

మద్దిలపాలెం_మేడగది:
మాస్టారూ, నేను అబ్బాయినండి. మీరు చెప్పింది బాగుంది గానీ 6 ఎలా వచ్చిందండి? ఈ కేంద్ర స్థల సిద్ధాంతం లెక్క తేలకపోతే సెటిల్‌మెంట్ చాప్టరే వదిలేసేలా ఉన్నా.

పదం_ముఖ్యం:
కేంద్ర 'స్థల' కాదు, కేంద్ర 'స్థాన' సిద్ధాంతం. స్థలం అంటే రిజిస్ట్రేషన్ చేయించుకునేది. ఇక్కడ చుట్టూ ఉన్నవాటిలో దాని స్థానం ముఖ్యం.

పాత_భూగోళం_మాస్టారు:
ముప్ఫై ఏళ్లు స్థలమనే చెప్పాను. ఏ పిల్లాడూ ఫెయిలవలేదు.

పదం_ముఖ్యం:
పాసయితే మాట ఒప్పయిపోదు మాస్టారూ.

గాజువాక_77:
ఆయన రాసేది సీయూఈటీ పీజీ అయితే పేపరు ఇంగ్లీషు, హిందీల్లోనే ఉంటుంది. తప్పుకి ఒక మార్కు పోతుంది. స్థలమో స్థానమో అక్కడ ఎవడూ అడగడు.

మద్దిలపాలెం_మేడగది:
అవును, సీయూఈటీ పీజీయే. చెప్పలేదా? సారీ. పూర్తి ప్రశ్న ఇది: 'మార్కెట్ సూత్రం (అంటే కె=3) ప్రకారం పైనుంచి మూడో శ్రేణికి చెందిన కేంద్రాల సంఖ్య ఎంత?' నా బొమ్మలో పట్టణం చుట్టూ ఆరు చుక్కలున్నాయి. ఆ ఆరేనా ఈ ఆరు?

అనకాపల్లి_అక్క:
కాదు తమ్ముడూ, ఆ ఆరూ ఈ ఆరూ వేరు. ఇక్కడే చాలామంది పడతారు, నేనూ పడ్డాను.
నీ బొమ్మలోని ఆరు ఊళ్లు ఒక్క పట్టణానివే కావు. ఒక్కో ఊరు మూడు పట్టణాలకు సమాన దూరంలో ఉంటుంది కాబట్టి మన వాటాకి మూడో వంతే. ఆరు మూడో వంతులు కలిపితే 2, పట్టణం తనతో 1, మొత్తం 3. కె అంటే ఇదే. కె=4లో ఊళ్లు రెండు పట్టణాలను కలిపే రోడ్డు మీద సరిగ్గా సగం దూరంలో పడతాయి, సగం సగం వాటా: 3+1. కె=7లో పంచుకోవడమే లేదు, ఆరూ మనవే: 6+1.
ఇప్పుడు నీ 9. జగదాంబ జంక్షన్‌లో బంగారం కొట్లూ ఉన్నాయి, పాల ప్యాకెట్టూ దొరుకుతుంది. 'పాలు ఎన్నిచోట్ల దొరుకుతాయి' అంటే జగదాంబనీ కలపాలి. 'పాల ప్యాకెట్ వరకే ఉన్న జంక్షన్లు ఎన్ని' అంటే తీసేయాలి. నువ్వు వేసిన 1, 3, 9, 27 మార్కెట్ ప్రాంతాలు. వాటిలో పై శ్రేణి కేంద్రాలు కూడా కలిసి ఉంటాయి. అచ్చంగా ఆ శ్రేణివే కావాలంటే ముందున్నది తీసేయి: 1, 2, 6, 18. తొమ్మిదిలోంచి మూడు పోతే ఆరు.
దూరాలు కూడా ఇలాగే గుర్తుంచుకో. అన్నిటికంటే చిన్న మార్కెట్ ఊళ్ల మధ్య 7 కిలోమీటర్లు, ఆపైన 12, 21, 36, అలా 186 దాకా. ప్రతిసారీ రూట్ 3 రెట్లు. ఇది దాదాపు ప్రతి మోడల్ పేపర్లో కనబడుతోంది.

గాజువాక_77:
ఇదే. ప్రశ్న ముందే పెట్టుంటే రెండు లైన్లలో అయిపోయేది.

మద్దిలపాలెం_మేడగది:
అక్కా!! 'కేంద్రాలు' అన్న మాటే సరిగ్గా చదవలేదు. ఆరు గంటలు పోయాయి. కానీ ఇంకోటి, ఇదే మెటీరియల్‌లో కె=4, నాలుగో శ్రేణికి 64 అని ఇచ్చారు. మీ లెక్కలో 1, 3, 12, 48 రావాలి కదా?

అనకాపల్లి_అక్క:
ప్రశ్నలో ప్రాంతాలు అని ఉందా, కేంద్రాలు అని ఉందా? కేంద్రాలైతే కీ తప్పు.

మద్దిలపాలెం_మేడగది:
చూసి చెప్తా అక్కా. థాంక్స్. ముందు తిని వస్తా, మెస్ మూసేస్తారు.

పదం_ముఖ్యం:
'శ్రేణి' అన్నది కూడా సరైన మాటేనా అని నా సందేహం.

పాత_భూగోళం_మాస్టారు:
ఇంతకీ కిరండూల్ లైను సంగతి రాయమంటారా?