డ్రాయింగ్ ముందే గీసేశారు, మీటింగులో మేం ఏం అడగాలి?

పాతవీధి:
అందరికీ నమస్కారం. ఇక్కడ ఆర్కిటెక్టులు, ప్లానర్లు ఉన్నారని చూసి రాస్తున్నాను. మా పేట పాతది. రెండు పెద్ద వీధులు, మధ్యలో సందులు, చివర మూతబడ్డ గోడౌను, దాని పక్కన ఖాళీ స్థలం. ఒక మూల చెత్త పోస్తారు, ఇంకో మూల పిల్లలు ఆడుకుంటారు. దీన్నంతా బాగుచేస్తామని ఒక ప్లాన్ వచ్చింది.

పోయిన వారం అభిప్రాయ సేకరణ అని పిలిస్తే వెళ్లాం. వెళ్లేసరికే గోడ నిండా రంగుల బోర్డులు పెట్టి ఉన్నాయి. గోడౌను తీసేసి, పక్కన ఖాళీ స్థలంలో ఫౌంటెన్, సందుల నిండా చెట్లు, బెంచీల మీద నవ్వుతూ మనుషులు. ఆ మనుషుల్లో మా పేటవాళ్లలా కనిపించేవాళ్లు ఒక్కరూ లేరు. తలా ఒక ఫారం ఇచ్చారు. అందులో మొదటి ప్రశ్న, కాలిబాట పలకలు ఎరుపు రంగువి కావాలా, బూడిద రంగువి కావాలా అని! మా పక్కింటి పెద్దావిడ ఫారం తిప్పి వెనకవైపు "మా ఇల్లు ఎక్కడ?" అని రాసి ఇచ్చేసింది. నిజమే, వాళ్ల వరసలో ఆరిళ్లు ఆ బోర్డులో ఆకుపచ్చ రంగు కింద పోయాయి.

నేను ప్లాన్‌కి వ్యతిరేకం కాదు. రెండు వీధి దీపాల కోసం నాలుగేళ్లు తిరిగినదాన్ని, బాగుపడితే నాకంటే సంతోషించేవాళ్లు ఉండరు. ఇంకో మూడు వారాల్లో మళ్లీ మీటింగు. నలుగురిలో లేచి నిలబడితే టెన్షన్‌తో నాకు మాట రాదు, అందుకే ముందే కాగితం మీద రాసుకుని వెళ్దామనుకుంటున్నాను. ఏం అడగాలి?

కొలతటేపు:
ముప్పై ఏళ్లు ఇలాంటి బోర్డులు గీసినవాణ్ణే నేను. రిటైరయ్యాను కాబట్టి నిజం చెప్పడానికి ఇబ్బంది లేదు.

పలకల రంగు అడిగే ఫారానికి మా వృత్తిలో స్థానం ఎప్పుడో ఖరారైంది. షెర్రీ ఆర్న్‌స్టీన్ అనే ఆవిడ 1969లో ఒక వ్యాసం రాసి, ప్రజల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించింది. అడుగున రెండు మెట్లు ఉత్త బుజ్జగింపు, మాయ. మధ్యలో సమాచారం చెప్పడం, అభిప్రాయం అడగడం, ఏదో కాస్త ఇచ్చి ఊరుకోబెట్టడం. పై మూడు మెట్ల మీదకి వస్తేనే నిర్ణయంలో జనానికి వాటా. మీరిప్పుడు నాలుగో మెట్టు మీద ఉన్నామనుకుంటున్నారు కానీ ఇంకా కిందే ఉన్నారు.

ప్రశ్నల సంగతి తరవాత. ఈ మూడు వారాలూ లెక్కపెట్టండి. విలియం వైట్ అనే ఆయన 1970లలో న్యూయార్క్ చౌకుల మీద కెమెరాలు పెట్టి, జనం ఎక్కడ ఆగుతున్నారో, ఎక్కడ కూర్చుంటున్నారో నెలల తరబడి చూశాడు. ఆయనకి తేలింది వింటే నవ్వొస్తుంది: కూర్చునే చోటు ఉన్నచోట జనం కూర్చుంటారు. అంతే. కానీ అప్పటికి కట్టిన చౌకులు చాలావాటిలో ఆ చోటే లేదు. ఇంకోటి కూడా గమనించాడు. కదిలే కుర్చీ వేస్తే మనిషి కూర్చునే ముందు దాన్ని కాస్త జరుపుతాడు. అవసరం లేకపోయినా జరుపుతాడు. ఈ చోటు నాది అని చెప్పుకోవడం అన్నమాట.

అదే న్యూయార్క్‌లో బ్రయంట్ పార్క్ కథ కూడా ఆయనదే. చుట్టూ పొదలు, గోడ అడ్డం ఉండి, లోపల ఏం జరుగుతోందో రోడ్డు మీదికి కనిపించేది కాదు. అందుకే మామూలు జనం లోపలికి వెళ్లడానికి భయపడేవాళ్లు, మత్తుమందులు అమ్మేవాళ్లకి అడ్డా అయింది. ఆ అడ్డులు తీసి, దారులు పెంచి, కదిలే కుర్చీలు వేసి 1992లో మళ్లీ తెరిచారు. కుర్చీలు ఎత్తుకుపోతారని అందరూ అన్నారు, పెద్దగా పోలేదు.

నా సంగతి చెప్తాను. ఒకసారి ఒక చిన్న పార్కుకి పద్నాలుగు రాతి బెంచీలు గీశాను. డ్రాయింగులో వరస తీరుగా, చూడముచ్చటగా ఉంది. ఏడాది తరవాత వెళ్లి చూస్తే బెంచీల మీద ఎవరూ లేరు. జనమంతా ఎదురుగా ఉన్న మూసేసిన భవనం మెట్ల మీద కూర్చున్నారు. మెట్ల మీద సాయంత్రం నీడ ఉంటుంది, అక్కణ్ణించి దారిన పోయేవాళ్లు కనిపిస్తారు. నా బెంచీలు మాత్రం ఎండలో, వట్టి గోడకి ఎదురుగా ఉన్నాయి. సైటుకి సాయంత్రం ఒక్కసారి వెళ్లి ఉంటే తెలిసేది. నేను వెళ్లిన రెండుసార్లూ పొద్దున పదకొండు గంటలకే.

కాబట్టి ఒక పనిరోజు, ఒక సెలవురోజు తీసుకోండి. పొద్దున, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి ఒక్కో గంట. ఎంతమంది నడిచారు, ఎంతమంది నిలబడ్డారు, ఎంతమంది కూర్చున్నారు. ఆడవాళ్లు, మగవాళ్లు, పిల్లలు, ముసలివాళ్లు. రాత్రి లెక్కలో ఆడవాళ్లు తగ్గిపోతే ఎక్కణ్ణించి తగ్గుతున్నారో చూడండి, అక్కడ దీపమో, చూసే కిటికీయో లేదని అర్థం. ఆ కాగితం పట్టుకుని వెళ్తే మిమ్మల్ని ఎవరూ "భావోద్వేగంతో మాట్లాడుతున్నారు" అని పక్కన పెట్టలేరు.

ఆ తరవాత అడగాల్సిన మొదటి మాట: రాయి వేసే ముందు చవగ్గా ఒకసారి చేసి చూద్దామా? 2009లో న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో బ్రాడ్‌వే రోడ్డు మీద కార్లు ఆపినప్పుడు సరైన ఫర్నిచర్ ఇంకా చేతికి రాలేదు. మడత కుర్చీలు కొనుక్కొచ్చి రోడ్డు మీద పడేశారు. జనం వచ్చి కూర్చున్నారు. తరవాతి ఏడాది దాన్ని శాశ్వతం చేస్తామని ప్రకటించారు. కోపెన్‌హాగన్‌లో స్ట్రోయెట్ వీధికి 1962లో కార్లు ఆపినప్పుడు కూడా అది ప్రయోగమే. దుకాణాలవాళ్లు దివాలా తీస్తామని గొడవ చేశారు, ఆ వీధి ఇప్పటికీ నడిచేవాళ్లదే. మీ ఖాళీ స్థలంలో సున్నంతో గీతలు గీసి, నాలుగు కుర్చీలు వేసి నెల రోజులు చూడమనండి. పోయేది పెద్దగా ఏమీ లేదు.

అయితే ప్రయోగం కూడా చెప్పాపెట్టకుండా చేస్తే ఎదురు తిరుగుతుంది. బార్సిలోనాలో తొమ్మిది బ్లాకుల్ని కలిపి లోపలికి వాహనాలు తగ్గించే సూపర్‌బ్లాక్‌ని 2016లో పోబ్లెనౌలో మొదలుపెట్టారు. తమని సరిగా అడగలేదని అక్కడి వాళ్లలో కొందరు బ్యానర్లు కట్టారు. ఆలోచన మంచిదే, వచ్చిన తీరు బాగాలేదు.

అద్దెఇల్లు:
పెద్దాయన చెప్పినవన్నీ సరే. కానీ కుర్చీలు, నీడ అంటూ అసలు విషయం వదిలేశారు. వీధి బాగుపడ్డాక అందులో ఎవరుంటారు?

మేం ఉన్న వీధి ఇలాగే బాగుపడింది. చెట్లు వచ్చాయి, కాలిబాట వచ్చింది. చెట్లకి నీళ్లు పోసిన కమిటీలో నేనూ ఉన్నాను. రెండేళ్లకి ఇంటి ఓనరు వచ్చి "ఇప్పుడు ఈ వీధికి డిమాండ్ ఉందండీ" అన్నాడు. ఆ చెట్టు నీడ ఎలా ఉందో ఇప్పుడు నాకు తెలీదు, నేను అక్కడ లేను.

న్యూయార్క్‌లో పాడుబడ్డ రైలు వంతెన మీద 2009లో తెరిచిన హై లైన్ పార్కు అందరికీ తెలుసు. దాన్ని మొదలుపెట్టిన ఇద్దరిలో ఒకరైన రాబర్ట్ హామండ్ 2017లో తమ ఇరుగుపొరుగు విషయంలో విఫలమయ్యామని బహిరంగంగా ఒప్పుకున్నాడు. పార్కు పక్కనే పేదల ప్రభుత్వ గృహ సముదాయాలు ఉన్నాయి. డిజైన్ ఎలా ఉండాలి అని వాళ్లని అడగడం కాదు, మీకోసం మేం ఏం చేయగలం అని అడగాల్సింది అన్నాడు. పార్కు కట్టాక వచ్చిన జ్ఞానం.

బోస్టన్‌లో డడ్లీ స్ట్రీట్ దగ్గర ఇంకోలా జరిగింది. ఇళ్లు తగలబడి, ఖాళీ స్థలాల్లో బయటివాళ్లు చెత్త పోస్తున్న పేట అది. 1984లో బాగుచేద్దామని సంస్థలవాళ్లు ఒక ప్లానుతో వచ్చారు. కమిటీలో అక్కడుండేవాళ్లకి కుర్చీలు తక్కువ. జనం మొదటి సభలోనే లేచి, ఇక్కడ ఉండేదెవరు, నిర్ణయించేదెవరు అని నిలదీశారు. దాంతో కమిటీలో వాళ్లకే ఎక్కువ స్థానాలు వచ్చేలా మార్చారు. వాళ్లు మొదట పట్టుకున్నది కూడా ఫౌంటెన్ కాదు, చెత్త. మా మీద పోయకండి అని ఉద్యమం చేసి బండ్లు ఆపించారు. 1988లో ఆ పేటలో ముక్కోణంలా ఉన్న ఒక భాగంలోని ఖాళీ ప్లాట్లను సేకరించే అధికారం సిటీ ఆ పేటవాళ్ల సంఘానికే ఇచ్చింది. నేల ఆ సంఘం పెట్టిన ట్రస్టు పేర ఉంటుంది, ఇల్లు మనిషి పేర. నేలకి 99 ఏళ్ల లీజు. ఇల్లు అమ్ముకోవచ్చు కానీ ఇష్టమొచ్చిన ధరకి కాదు. అందుకే వీధి బాగుపడినా అక్కడివాళ్లు అక్కడే ఉండగలిగారు.

కాబట్టి అమ్మా, మీ కాగితంలో మొదటి ప్రశ్న ఇదే రాయండి: ఆ గోడౌను నేల ఎవరి పేరున ఉంటుంది? సందుల్లో అద్దెకున్నవాళ్లు ఎంతమంది, వాళ్ల పేర్లు మీ ప్లాన్‌లో ఎక్కడైనా ఉన్నాయా?

కొలతటేపు:
అద్దెఇల్లు గారూ, మాట పడ్డాను, ఒప్పుకుంటున్నాను. మా చదువులో నేల మీద గీయడం నేర్పారు, నేల ఎవరిది అని అడగడం నేర్పలేదు.

పాతవీధి గారూ, ఆ ఆరిళ్ల గురించి కూడా చెప్పాలి. ఉన్నచోటే ఉంచి బాగుచేయడం కుదరదని ఎవరైనా అంటే నమ్మకండి. చిలీలో ఇకీకే ఊరి నడిబొడ్డున సుమారు వంద కుటుంబాలు ముప్పై ఏళ్లుగా పట్టాల్లేకుండా ఉన్నాయి. నేల ఖరీదైంది, ప్రభుత్వం ఇచ్చిన డబ్బుకి పూర్తి ఇల్లు రాదు. ఊరి బయటికి పంపేసే బదులు అలెహాండ్రో అరవేనా అనే ఆర్కిటెక్టు బృందం అదే నేల మీద సగం ఇల్లు కట్టి, మిగతా సగానికి చోటు వదిలింది. మొత్తానికి కావలసిన గోడలు, మెట్లు, వంటగది, స్నానాలగది లాంటి కష్టమైన పనులు ముందు చేశారు, మిగతాది ఎవరి వీలుని బట్టి వాళ్లు పూర్తి చేసుకున్నారు. అంతకు ముందే ఇండోర్‌లో ఆర్కిటెక్టు బాలకృష్ణ దోషీ అరణ్య కాలనీని ఇలాంటి ఆలోచనతోనే చేశారు. ప్లాటు, పునాది, నీళ్ల కనెక్షన్, మరుగుదొడ్డి ఇచ్చి, ఇల్లు పెరగడం ఇంటివాళ్లకి వదిలేశారు. దానికి ఆర్కిటెక్చర్‌కి ఇచ్చే ఆగాఖాన్ అవార్డు వచ్చింది.

ఆ ఆరిళ్లూ తీయకుండా ప్లాన్ ఎందుకు కుదరదో గీసి చూపించమనండి. నోటితో కాదు, గీసి. గీస్తే చాలాసార్లు కుదురుతుంది.

చీపురుకట్ట:
నేను పార్కుల నిర్వహణలో పనిచేస్తా. ఒక్క ప్రశ్న రాసుకోండి చాలు. ప్రారంభోత్సవం అయిన మూడో ఏడు ఆ ఫౌంటెన్‌ని ఎవరు కడుగుతారు, ఆ డబ్బు ఏ పద్దులోంచి వస్తుంది?

అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో ప్రూయిట్ ఐగో అని పేదల కోసం ప్రభుత్వ ఇళ్లు, 11 అంతస్తుల బిల్డింగులు 33 కట్టారు, 1950లలో. లిఫ్టు అన్ని అంతస్తుల్లో ఆగేది కాదు. నిర్వహణ ఖర్చు అద్దెల్లోంచే రావాలన్నారు. జనం ఖాళీ చేసేకొద్దీ అద్దెలు తగ్గాయి, అద్దెలు తగ్గేకొద్దీ రిపేర్లు ఆగాయి, రిపేర్లు ఆగేకొద్దీ ఇంకా ఖాళీ. 1972లో కూల్చడం మొదలుపెట్టారు. డిజైన్ తప్పు అని పుస్తకాల్లో రాస్తారు. సగమే నిజం. చీపురుకి డబ్బు లేకపోతే ఏ డిజైనూ నిలబడదు.

ఫౌంటెన్ వద్దని చెప్పండి. ఒక కుళాయి పెట్టమనండి. మంచినీళ్లు తాగుతారు, మొక్కలకి పోస్తారు, పాడైతే ప్లంబరు చాలు.

పాతవీధి:
అందరికీ చాలా థ్యాంక్స్. రెండు రోజులు మా అమ్మాయి, నేను, పక్కింటి పెద్దావిడ కలిసి లెక్కపెట్టాం. ఆదివారం సాయంత్రం అయిదు నుంచి ఆరు వరకు ఆ ఖాళీ స్థలంలో 43 మంది. అందులో 26 మంది పిల్లలు, సరిగ్గా ఫౌంటెన్ గీసినచోటే ఆడుతున్నారు. చెత్త మూల దగ్గరకి మాత్రం ఎవరూ పోవట్లేదు, అందరూ గోడౌను నీడలోకి జరిగారు. అంటే గోడౌను కూల్చేస్తే నీడ కూడా పోతుంది! ఇది నాకు ఇన్నేళ్లలో తట్టలేదు. రాత్రి ఎనిమిది దాటాక వెనక సందులో ఒక్క ఆడమనిషీ కనిపించలేదు. నాలుగేళ్లు తిరిగి వేయించిన దీపాలు రెండూ ముందు వీధిలోనే ఉన్నాయి మరి.

నేల సంగతి అడిగితే అది ఎవరి పేరున ఉందో ఆ ప్లాన్ కమిటీలోనే ఎవరికీ సరిగా తెలీదు. రేపు రికార్డుల కోసం వెళ్తున్నాం. అద్దెకున్నవాళ్ల పేర్లు పెద్దావిడ రాస్తోంది. ఆవిడకి ప్రతి ఇల్లూ తెలుసు. ఈసారి మీటింగులో నేను మాట్లాడలేకపోతే తనే మాట్లాడతానంది.

కొలతటేపు గారూ, చిన్న సందేహం. గోడకి ఆనుకుని, ఒక కాలు మడిచి పెట్టి అరగంటసేపు కబుర్లు చెప్పుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లని నిలబడ్డవాళ్లలో రాయాలా, కూర్చున్నవాళ్లలోనా? ఆదివారం పద్దెనిమిది సంవత్సరాలు దాటిన కుర్రాళ్లు అలాంటివాళ్లు తొమ్మిది మంది తేలారు.

కొలతటేపు:
వాళ్లకి వేరే గడి పెట్టండి. ఆనుకోవడానికి నడుమెత్తు గోడ ఒకటి కావాలన్నమాట. అది ఏ బోర్డులోనూ లేదు కదా?

పాతవీధి:
లేదండి. ఇప్పుడే మళ్లీ ఫొటో తీసి చూశాను. అన్నీ బెంచీలే.