ఆరుషాలో మొదలయ్యే సైకిలు యాత్రకు హైదరాబాదు నుంచి ఏ దారిన వెళ్లాలి?

ప్రశ్న – నార్సింగి సవారీ

టాంజానియాలోని ఆరుషా నుంచి బయలుదేరి, మలావీ, జాంబియాల మీదుగా విక్టోరియా జలపాతం వరకు సాగే ఒక బృంద సైకిలు యాత్రలో వచ్చే జూన్‌లో చేరుతున్నాను. తొక్కడం గురించి నాకు దిగులు లేదు. ఔటర్ రింగు రోడ్డు పక్కన సౌర ఫలకాల నీడలో ఉన్న 23 కిలోమీటర్ల బాట మీద రెండేళ్లుగా సాధన చేస్తున్నాను, అనంతగిరి ఎత్తులు కూడా చాలాసార్లు ఎక్కాను. నా దిగులంతా శంషాబాదుకూ ఆరుషాకూ మధ్య ప్రయాణం గురించే. ఫలానా ఉదయానికి ఫలానా హోటలు దగ్గర ఉండండి, అక్కడిదాకా రావడం మీ బాధ్యత అని నిర్వాహకులు చెప్పేశారు. నైరోబీకి టికెట్టు చవకగా కనిపిస్తోంది, అక్కడి నుంచి రోడ్డు మీద ఆరుషాకు వెళ్లవచ్చునంటున్నారు. కిలిమంజారో విమానాశ్రయంలో దిగితే ఆరుషా 50 కిలోమీటర్ల లోపే గానీ, టికెట్టు ధర చూస్తే గుండె గుభేలుమంటోంది. సైకిలు పెట్టెతో వెళ్లేవారికి ఏ దారి మేలో అనుభవజ్ఞులు చెప్పగలరా?

జవాబు – కొంపల్లి చక్రం

నేను నైరోబీ దారిలోనే వెళ్లాను, అందుకు చింతించలేదు. నైరోబీ నుంచి ఆరుషా సుమారు 270 కిలోమీటర్లు. రోజూ చిన్న బస్సులు నడుస్తాయి, పెట్టెను పైన కట్టిస్తారు, కట్టేటప్పుడు మీరు పక్కనే నిలబడి చూసుకోవచ్చు. కెన్యా, టాంజానియాల మధ్య నమాంగా సరిహద్దులో రెండు దేశాల తనిఖీలూ ఒకే ప్రాంగణంలో పూర్తవుతాయి. అయితే టికెట్టులో మిగిలినట్టు కనిపించే డబ్బంతా నిజంగా మిగలదు. టాంజానియా వీసాకు 50 డాలర్లు ఎలాగూ తప్పవు. నైరోబీలో దిగితే దానికి తోడు కెన్యా ప్రయాణ అనుమతి కూడా ముందే ఆన్‌లైన్‌లో తీసుకోవాలి, ఎందుకంటే 2024 జనవరి నుంచి వీసా బదులు ఆ పద్ధతే నడుస్తోంది. బస్సు ఛార్జీ, ఒక రాత్రి బస కూడా కలిపి లెక్క వేసుకోండి. కెన్యా, ఉగాండా, రువాండాలకు ఉమ్మడిగా ఇచ్చే 100 డాలర్ల వీసా టాంజానియాలో చెల్లదు. మా బృందంలో ఒకాయన అది చెల్లుతుందనుకొని వచ్చి సరిహద్దులో చాలాసేపు నిలబడ్డారు.

జవాబు – తార్నాక తొక్కుడు

పై మిత్రుడితో నేను పూర్తిగా ఏకీభవించలేను. సైకిలుతో వెళ్లేవారికి చవక టికెట్టు కంటే ఒకే టికెట్టు ముఖ్యం. నేను డబ్బు ఆదా చేద్దామని ముంబయి వరకు ఒకటి, అక్కడి నుంచి మరొకటి, చివరి మజిలీకి ఇంకొకటి, ఇలా మూడు విడి టికెట్లు కొన్నాను. చివరి విమానం చిన్నది కావడంతో నా పెట్టెను దించేశారు; విడి టికెట్లు కదా, అది ఎక్కడుందో చెప్పే బాధ్యత ఏ సంస్థా తీసుకోలేదు. సైకిలు చేరేసరికి బృందం బయలుదేరి రెండు రోజులైంది, ఆ రెండు రోజులూ సామాను వ్యాన్‌లో కూర్చుని తోటివారు తొక్కుతుంటే చూశాను. అడిస్ అబాబా మీదుగానో దోహా మీదుగానో కిలిమంజారో వరకు ఒకే టికెట్టు తీసుకొని, యాత్రకు మూడు రోజుల ముందు దిగండి. ఆరుషా దాదాపు 1,400 మీటర్ల ఎత్తున ఉంది కాబట్టి, ఆ మూడు రోజులు ఊపిరికి కూడా పనికొస్తాయి.

పెట్టె కట్టడంలో తొందర వద్దు. పెడళ్లు విప్పేటప్పుడు ఎడమది తిరగమరగా ఉంటుందని మరచిపోతే మర అరిగిపోతుంది. గేర్లు మార్చే వెనుక డీరెయిలర్‌ను విప్పి ఫ్రేము లోపలికి కట్టండి, ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు కాళ్ల మధ్య అడ్డుకర్ర పెట్టండి, డిస్కు బ్రేకు ప్యాడ్ల మధ్య మందపాటి అట్టముక్క ఉంచండి. పవర్ బ్యాంకు చేతి సంచిలోనే ఉండాలి, పెట్టెలో వేయకూడదు. ఇంకో మాట: ప్లాస్టిక్ సంచులను కెన్యా 2017లో, టాంజానియా 2019లో నిషేధించాయి కాబట్టి విడిభాగాలను క్యారీబ్యాగుల్లో చుట్టకండి. మా అమ్మ పాత నేత చీర నా ఫ్రేమును కాపాడినట్టు ఏ బబుల్ ర్యాపూ కాపాడలేదు.

జవాబు – నారాయణగూడ నివాసి

దారి ఏదైనా పసుపు జ్వరం టీకా మరవకండి. కెన్యా గానీ ఇథియోపియా గానీ తాకి వచ్చేవారిని తిరుగు ప్రయాణంలో మన విమానాశ్రయంలో ఆ ధ్రువపత్రం అడుగుతారు. లేకపోతే ఆరు రోజుల వరకు విడిగా ఉంచే అవకాశముంది. టీకా వేయించుకున్న పది రోజుల తర్వాతే పత్రం చెల్లుతుంది, ఆపై జీవితాంతం పనికొస్తుంది. మన నగరంలో నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్‌లో వేస్తారు. ఒక సీసాలో పలువురికి సరిపడే మందు ఉంటుంది, కలిపాక కొన్ని గంటల్లోనే వాడేయాలి. అందువల్ల ముందుగా కనుక్కొని వెళ్లండి. మలేరియా మాత్రల గురించి కూడా వైద్యుణ్ణి అప్పుడే అడగండి.

నార్సింగి సవారీ

అందరికీ కృతజ్ఞతలు. ఖర్చులన్నీ కలిపి చూస్తే తేడా నేను అనుకున్నంత లేదు, కిలిమంజారోకే ఒకే టికెట్టు తీసుకుంటున్నాను. ఒక సందేహం మిగిలింది: యాత్ర ముగిసేది వేరే దేశంలో కదా, పెట్టెను ఏం చేయాలి?

తార్నాక తొక్కుడు

గట్టి పెట్టె కొనకండి. సైకిలు దుకాణాల్లో కొత్త సైకిళ్లు వచ్చే అట్టపెట్టె అడిగితే ఊరికే ఇస్తారు, లేదా కొద్ది డబ్బు తీసుకుంటారు. దాన్ని ఆరుషాలో వదిలేయండి. తిరుగు ప్రయాణానికి పెట్టెలు సమకూరుస్తారేమో నిర్వాహకులను ఇప్పుడే ఉత్తరం రాసి అడగండి, టేపు చుట్ట మాత్రం ఇక్కడి నుంచే రెండు తీసుకెళ్లండి.