హార్డ్‌వేర్ షాపు యజమాని ఇండిపెండెంట్‌గా ఎంపీకి నిలబడాలంటే: కాగితాలు, గుర్తు, ఖర్చు లెక్క

గూడెం_వర్తకం:

మా వర్తక సంఘం సభ్యులొకరు వచ్చే లోక్‌సభ ఎన్నికల్లో ఏలూరు నుంచి స్వతంత్ర అభ్యర్థిగా పోటీ చేయాలనుకుంటున్నారు. ఏ పార్టీ టికెట్టూ అడగట్లేదు. కాగితాల పని మేం చూసుకోవాలి. వివరాలివీ: షాపు ఏలూరులో, ఓటు మాత్రం తాడేపల్లిగూడెంలో. హార్డ్‌వేర్, ఎలక్ట్రికల్ సామాను, ఆయన సొంత పేరు మీదే జీఎస్టీ. బ్యాంకులో సీసీ (క్యాష్ క్రెడిట్) లోన్ నడుస్తోంది. భార్యకు ఒక పెయింట్ల సంస్థలో వాటా ఉంది. రైల్వేకి సామాను సరఫరా చేసే ఆర్డరు ఒకటి, మున్సిపాలిటీకి ఒకటి ఉన్నాయి. చెక్ బౌన్స్ కేసు ఒకటి కోర్టులో పెండింగ్. నామినేషన్ ఎక్కడ తిరస్కరిస్తారో, ఖర్చు లెక్కలో ఎక్కడ దెబ్బ తింటామో తెలిసినవాళ్లు చెప్పండి. అమెరికాలో స్థిరపడిన స్నేహితులు కొంత డబ్బు పంపుతామంటున్నారు, అది తీసుకోవచ్చా?

చట్టం_చదువరి:

అన్నిటికన్నా ముందు రైల్వే ఆర్డరు సంగతి తేల్చుకోండి. మిగతా లోపాలు చాలావరకు సరిదిద్దుకోవచ్చు. ఇది మాత్రం అభ్యర్థిత్వాన్నే రద్దు చేస్తుంది.

ప్రజాప్రాతినిధ్య చట్టం 1951లో 9ఏ సెక్షన్ ఉంది. తన వ్యాపారంలో భాగంగా ప్రభుత్వానికి సరుకు సరఫరా చేసే కాంట్రాక్టు గానీ, ప్రభుత్వ పని చేసే కాంట్రాక్టు గానీ అమల్లో ఉన్న వ్యక్తి అనర్హుడు. ఎంపీ పదవికి ఇక్కడ ప్రభుత్వమంటే కేంద్ర ప్రభుత్వం, ఎమ్మెల్యేకైతే రాష్ట్ర ప్రభుత్వం. కాబట్టి మున్సిపాలిటీ ఆర్డరు అడ్డు కాదు, రైల్వేది అడ్డు. సొంత పేరు మీద నడిచే షాపుకీ యజమానికీ చట్టం దృష్టిలో తేడా లేదు. షాపు కాంట్రాక్టంటే ఆయన కాంట్రాక్టే.

సరుకంతా ఇచ్చేసి, బిల్లు మాత్రమే రావాల్సి ఉంటే కాంట్రాక్టు నడుస్తున్నట్టు కాదు. 9ఏ కింద ఉన్న వివరణలోనే ఆ మాట రాసి ఉంది. ప్రభుత్వం డబ్బు బాకీ పడితే అభ్యర్థి తప్పేం కాదు. చిక్కంతా మిగిలిపోయిన సరుకుతోనూ, ఏడాది పొడవునా అడిగినప్పుడల్లా ఇవ్వాల్సిన రేట్ కాంట్రాక్టుతోనూ వస్తుంది. ఒక్క విడత బాకీ ఉన్నా నడుస్తున్న కాంట్రాక్టే. వదులుకుంటున్నానని లేఖ పడేసి వస్తే చాలదు, రద్దుకు ఒప్పుకున్నట్టు అవతలి నుంచి కాగితం రావాలి. అర్హతను చూసేది నామినేషన్ల పరిశీలన తేదీ నాటికి. రైల్వే ఆఫీసు నుంచి కాగితం రావడానికి ఎన్నాళ్లు పడుతుందో ఏ వ్యాపారినడిగినా చెబుతాడు, అందుకే నోటిఫికేషన్ కన్నా చాలా ముందే ఈ పని మొదలుపెట్టండి. సరుకు పూర్తిగా అందిందని తీసుకున్న రసీదు, ఆమోదపత్రం ఒక ఫైల్లో పెట్టి పరిశీలన రోజు వెంట తీసుకెళ్లండి. ఎదుటివాళ్ల లాయరు లేవదీసే మొదటి అభ్యంతరం ఇదే అవుతుంది.

చెక్ బౌన్స్ కేసు పెండింగ్‌లో ఉంటే పోటీకి అడ్డం కాదు. శిక్ష పడి, అది రెండేళ్లు గానీ అంతకు మించి గానీ అయితేనే అనర్హత. అయితే అది క్రిమినల్ కేసే, అఫిడవిట్‌లో చూపించాల్సిందే. "వ్యాపార లావాదేవీ కదా, ఇది నేరమేంటి" అని వదిలేసేవాళ్లున్నారు. వదిలేయొద్దు. పైగా కేసులున్న అభ్యర్థి వాటి వివరాలను పత్రికల్లోనూ టీవీలోనూ మూడు విడతలుగా ప్రకటించాలి: ఉపసంహరణ గడువు ముగిశాక మొదటి నాలుగు రోజుల్లో ఒకసారి, ఐదు నుంచి ఎనిమిదో రోజు మధ్య ఒకసారి, తొమ్మిదో రోజు నుంచి ప్రచారం ముగిసేలోపు ఒకసారి. ఆ ప్రకటనల బిల్లు కూడా అభ్యర్థి ఖర్చులోకే వస్తుంది.

ఆర్వో_బల్ల:

నామినేషన్ గురించి నేను చెబుతాను. లోక్‌సభకు ఫారం 2ఏ. పార్లమెంటు, అసెంబ్లీ ఎన్నికలు ఒకేసారి జరిగినప్పుడు హడావుడిలో అసెంబ్లీ వాళ్ల 2బీ పట్టుకొచ్చేవాళ్లుంటారు, ఫారం పైన చూసుకోండి. దాఖలు ఉదయం 11 నుంచి మధ్యాహ్నం 3 వరకే.

ధరావతు 25,000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 12,500. నగదుగా రిటర్నింగ్ అధికారికి (ఆర్వోకి) కట్టొచ్చు, లేదా ట్రెజరీ చలానా. చెక్కు తీసుకోరు. ఎన్ని సెట్ల నామినేషన్ వేసినా ధరావతు ఒక్కసారే.

స్వతంత్రులకు పదిమంది ప్రతిపాదకులు, అంటే నామినేషన్ మీద సంతకం చేసే ఓటర్లు, కావాలి. గుర్తింపు పొందిన పార్టీ అభ్యర్థికి ఒక్కరు చాలు. ఈ పదిమంది నిబంధన వెనక మన నల్గొండే ఉంది. 1996లో ఫ్లోరైడ్ నీటి గోడు వినిపించడానికి అక్కడ 480 మంది పోటీలో నిలిచారు. ఆ ఏడాదే చట్టం మార్చి 500 ఉన్న ధరావతును 10,000 చేశారు, స్వతంత్రులకు పది సంతకాలు పెట్టారు. ధరావతు తర్వాత 25,000 అయింది. అయినా 2019లో నిజామాబాద్‌లో పసుపు, ఎర్రజొన్న రైతులు నిలబడి మొత్తం అభ్యర్థులను 185కు చేర్చారు.

పదిమందీ ఏలూరు లోక్‌సభ పరిధిలో ఓటర్లయి ఉండాలి. అంటే ఉంగుటూరు, దెందులూరు, ఏలూరు, పోలవరం, చింతలపూడి, నూజివీడు, కైకలూరు సెగ్మెంట్లలో ఎక్కడివాళ్లయినా ఫరవాలేదు. తాడేపల్లిగూడెం నరసాపురం పార్లమెంటు కింద ఉంది, కాబట్టి అక్కడి వర్తకుల సంతకాలు పనికిరావు. ఒక్కరిది చెల్లకపోయినా తొమ్మిదే మిగులుతాయి, ఆ నామినేషన్ పోయినట్టే. పదకొండో సంతకం పెట్టించడానికి పరిశీలన రోజు అవకాశం ఉండదు. అందుకని వేరే పదిమందితో రెండో సెట్ వేయించండి, నాలుగు సెట్ల వరకు అనుమతి ఉంది. ఒక్కొక్కరి పార్ట్ నంబరు, వరుస నంబరు తాజా జాబితాలో చూసి రాయండి. పాత జాబితా నంబర్లు మారిపోయి ఉంటాయి. వేలిముద్ర వేసేవాళ్లుంటే ఇంటి దగ్గర వేయించి తేవద్దు, ఆర్వో గానీ, అధికారమున్న వేరే అధికారి గానీ చూస్తుండగా వేస్తేనే చెల్లుతుంది.

అభ్యర్థి ఓటు దేశంలో ఏ నియోజకవర్గంలో ఉన్నా లోక్‌సభకు పోటీ చేయొచ్చు. కానీ తాడేపల్లిగూడెం ఓటర్ల నమోదు అధికారి దగ్గర ఆయన పేరున్న పేజీకి ధ్రువీకరించిన నకలు తీసుకోవాలి. నామినేషన్‌తో ఇవ్వకపోతే పరిశీలన సమయానికైనా చూపాలి. వెబ్‌సైట్ నుంచి తీసుకున్న ప్రింటు దానికి బదులు కాదు.

నామినేషన్ ఇచ్చాక ఆర్వో ముందు ప్రమాణం చేయాలి. ఇది పరిశీలన తేదీకి ముందే అయిపోవాలి, పరిశీలన రోజు చేస్తానంటే కుదరదు. ఆఖరి రోజు మూడింటికి కాగితాలిచ్చి ప్రమాణం మరచిపోయి వెళ్లిపోతే, అన్నీ సవ్యంగా ఉన్నా తిరస్కరణే.

ఫొటో 2 సెం.మీ. వెడల్పు, 2.5 సెం.మీ. ఎత్తు, తెల్ల నేపథ్యం, మూడు నెలల్లోపు తీసింది. టోపీ, నల్ల కళ్లద్దాలు వద్దు.

ఇక ఫారం 26 అఫిడవిట్. ఒక్క గడి కూడా ఖాళీ వదలకూడదు. లేకపోతే "లేదు" అని, వర్తించకపోతే "వర్తించదు" అని రాయాలి, గీత గీసి వదిలేయొద్దు. ఖాళీలున్న అఫిడవిట్‌ను, సరిచేయమని నోటీసిచ్చాక కూడా సరిచేయకపోతే, తిరస్కరించవచ్చని 2013లో సుప్రీంకోర్టు చెప్పింది. వ్యాపారి విషయంలో ఎక్కువ జారేది ఇక్కడే. షాపు ఆయన సొంతం కాబట్టి సరుకు నిల్వ, రావాల్సిన బాకీలు, డెలివరీ బండి అన్నీ ఆయన ఆస్తులే. సీసీ లోన్‌లో వాడుకున్న మొత్తం అప్పుల్లో రావాలి. భార్య పెయింట్ల సంస్థలో పెట్టిన మూలధనం ఆమె వరసలో చూపాలి. ఐదేళ్ల ఆదాయపు పన్ను రిటర్నుల్లో చూపిన ఆదాయం అభ్యర్థికీ భార్యకూ విడివిడిగా రాయాలి. జీఎస్టీ, ఆస్తి పన్ను బకాయిలుంటే అవి, వివాదంలో ఉన్నవి వేరుగా. ప్రభుత్వ కాంట్రాక్టులకు వేరే వరస ఉంది, అందులో భార్య, భాగస్వామ్య సంస్థల కాంట్రాక్టులు కూడా అడుగుతారు. మున్సిపాలిటీ ఆర్డరు అనర్హత తేకపోయినా ఇక్కడ దాచొద్దు. రిటర్నుల్లో ఒక అంకె, బ్యాంకుకిచ్చిన స్టాక్ స్టేట్‌మెంట్‌లో ఒక అంకె, అఫిడవిట్‌లో మరో అంకె ఉంటే గెలిచాక కూడా కోర్టుకెక్కుతారు. ఆడిటర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని రాయించండి, తర్వాత నోటరీ.

పద్దు_పుస్తకం:

ఆంధ్రప్రదేశ్‌లో లోక్‌సభ అభ్యర్థి ఖర్చు పరిమితి 2022 నుంచి 95 లక్షలు. చిన్న వ్యాపారి దాన్ని దాటడం అరుదు. దెబ్బ తినేది లెక్క రాయడంలో.

నామినేషన్‌కు కనీసం ఒకరోజు ముందు ఎన్నికల కోసమే కొత్త బ్యాంకు ఖాతా తెరవాలి. షాపు కరెంటు ఖాతా, సీసీ ఖాతా పనికిరావు. ఎన్నికల ఏజెంటుతో జాయింటుగా పెట్టుకోవచ్చు, ఏజెంటు కాని కుటుంబ సభ్యులతో కుదరదు. సొంత డబ్బైనా ముందు ఇందులో వేసి, ఇందులోంచే ఖర్చు పెట్టాలి. ఒక వ్యక్తికి లేదా సంస్థకు మొత్తం ఎన్నికల్లో నగదుగా పదివేలకు మించి ఇవ్వకూడదు. ఒక్కసారికి పదివేలు అనుకుని పొరబడతారు. టిఫిన్ల హోటలుకు మూడువేల చొప్పున నాలుగుసార్లు నగదిస్తే పన్నెండువేలయింది, నిబంధన తప్పినట్టే. మొదటి బిల్లు నుంచే ఆన్‌లైన్‌లో గానీ చెక్కుతో గానీ ఇవ్వండి.

రిజిస్టరు మూడు రంగుల్లో ఇస్తారు: రోజువారీ ఖర్చుకు తెల్ల పేజీలు, నగదుకు గులాబీ, బ్యాంకుకు పసుపు. ప్రచారంలో కనీసం మూడుసార్లు తనిఖీకి చూపాలి. తనిఖీ చేసే అధికారులు విడిగా ఇంకో రిజిస్టరు రాస్తుంటారు, మీది దానితో పోల్చి చూస్తారు. షాపు ట్రాలీ ఆటోని ప్రచారానికి వాడితే, అద్దె కట్టకపోయినా అద్దె కట్టినట్టే లెక్కలోకి తెస్తారు, జిల్లా ఎన్నికల అధికారి రేట్ల పట్టిక ప్రకారం. షాపు గుమస్తాలు, హమాలీలు జెండా పట్టుకుంటే వాళ్ల కూలీ కూడా అంతే. షాపు ప్రకటనలో ఆయన ఫొటో ఉంటే కోడ్ అమల్లోకి రాగానే తీయించేయండి. ఈ ఖర్చు షాపు పుస్తకాల్లో వ్యాపార ఖర్చుగా రాయకూడదు, కరపత్రాల మీద జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ కూడా తీసుకోవద్దు.

షాపు వసూళ్ల డబ్బు అభ్యర్థి ఎక్కే కారులో పెట్టొద్దు. అభ్యర్థి, ఏజెంటు, కార్యకర్త ఉన్న వాహనంలో 50,000కు మించి నగదు దొరికితే ఫ్లయింగ్ స్క్వాడ్ స్వాధీనం చేసుకోవచ్చు. బ్యాంకుకు కట్టే డబ్బు గుమస్తా వేరే బండిలో, ఆ రోజు బిల్లుల నకళ్లతో తీసుకెళ్లాలి. పట్టుకుంటే జిల్లాలో విడుదలకు కమిటీ ఉంటుంది, అక్కడ ఆ బిల్లులే మాట్లాడతాయి.

అమెరికా స్నేహితులు అక్కడి పౌరసత్వం తీసుకుని ఉంటే, ఓసీఐ కార్డు (భారత మూలాలున్న విదేశీ పౌరులకిచ్చేది) ఉన్నా సరే, వాళ్ల డబ్బు ముట్టొద్దు. అభ్యర్థి విదేశీ విరాళం తీసుకోవడం విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద నిషేధం. ఇంకా భారత పౌరులే అయితే సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపొచ్చు, పాస్‌పోర్టు నకలు తీసి పెట్టుకోండి. స్వతంత్ర అభ్యర్థికిచ్చిన విరాళానికి ఇచ్చినవాళ్లకు పన్ను మినహాయింపు రాదని కూడా ముందే చెప్పండి.

ఫలితం వచ్చిన 30 రోజుల్లోపు మొత్తం లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. ఓడిపోయాక ఎవరూ పట్టించుకోరనుకుంటారు. సరైన కారణం లేకుండా లెక్క ఇవ్వనివాళ్లపై ఎన్నికల సంఘం మూడేళ్ల అనర్హత వేస్తుంది.

గూడెం_వర్తకం:

రైల్వే ఆర్డరులో ఒక విడత సరుకు ఇంకా ఇవ్వాలట, రేపే ఆ పని మొదలుపెడతాం. ఇంకొక్క సందేహం. కరపత్రాలు, ఫ్లెక్సీలు ఇప్పుడే కొట్టించి పెట్టుకుంటే చవక కదా?

బూత్_లెక్క:

గుర్తు లేకుండా కొట్టించి ఏం చేస్తారండీ? స్వతంత్రుడికి గుర్తు వచ్చేది ఉపసంహరణ గడువు ముగిశాకే. 2024లో మన దగ్గర నామినేషన్లు ఏప్రిల్ 18 నుంచి 25, పరిశీలన 26, ఉపసంహరణ 29, పోలింగ్ మే 13. ప్రచారం మే 11 సాయంత్రంతో ఆగింది. అంటే గుర్తు చేతికొచ్చాక పన్నెండు రోజులే. ఏడు సెగ్మెంట్లు, పదహారు లక్షల పైచిలుకు ఓటర్లు. పార్టీ గుర్తు ఏళ్ల తరబడి జనం కళ్లలో ఉంటుంది, మీది ఈ పన్నెండు రోజుల్లో కళ్లలో పడాలి. ఇండిపెండెంట్లు నష్టపోయేది డబ్బు దగ్గరకన్నా ఇక్కడే ఎక్కువ.

కాబట్టి కరపత్రం మేటర్ ముందే కంపోజ్ చేయించి, గుర్తుకు జాగా వదిలి, ప్రూఫ్ దిద్ది ఉంచండి. గుర్తు రాగానే అదే రాత్రి ప్రెస్సు నడవాలి. ప్రతి కరపత్రం మీద ముద్రించినవారి, ప్రచురించినవారి పేరు, చిరునామా ఉండాలి. ప్రచురణకర్త సంతకంతో డిక్లరేషన్ రెండు ప్రతులు, ఇద్దరు తెలిసినవాళ్ల ధ్రువీకరణతో ప్రెస్సుకు ఇవ్వాలి. ప్రజాప్రాతినిధ్య చట్టంలో 127ఏ సెక్షన్ అది, తప్పితే ఆరు నెలల వరకు జైలు.

ఫ్రీ సింబల్స్ (ఏ పార్టీకీ కేటాయించని గుర్తులు) జాబితాలోంచి మూడు గుర్తులు ఇష్టం కొద్దీ వరసగా రాయాలి. రెండు సెట్లు వేస్తే ముందు ఇచ్చిన సెట్‌లో రాసినవే పరిగణిస్తారు. ఇద్దరు ఒకే గుర్తు అడిగితే లాటరీ. అడిగే గుర్తు నల్లగా, చిన్నగా ముద్రించినా దూరం నుంచి పోల్చుకోగలిగేది చూడండి, నోటితో ఒక్క మాటలో చెప్పగలగాలి. పెద్ద పార్టీ గుర్తును పోలింది అడగొద్దు. తెలంగాణలో రోడ్డు రోలర్ మీద కారు పార్టీ ఫిర్యాదులు, 2022 మునుగోడు ఉప ఎన్నికలో ఆ గుర్తు చుట్టూ జరిగిన గొడవ గుర్తుందిగా. ఆ వివాదంలో పోయే ప్రతి రోజూ ప్రచారంలోంచి పోయినట్టే.

వాహనాలకు, మైకుకు అనుమతి ఎన్నికల సంఘం సువిధ పోర్టల్‌లో 48 గంటల ముందు అడగాలి. అసలు పర్మిట్ కాగితం బండి అద్దం మీద అతికించాలి, నకలు కుదరదు. టీవీ, కేబుల్, సోషల్ మీడియా ప్రకటనలకు ముందస్తు ధ్రువీకరణ కావాలి, మూడు రోజుల ముందే దరఖాస్తు పెట్టండి.

ధరావతు దక్కాలంటే చెల్లిన ఓట్లలో ఆరో వంతుకు మించి రావాలి. 13 లక్షల ఓట్లు చెల్లితే 2,16,667. నోటా ఓట్లు ఈ లెక్కలోకి రావు. ఇది పెద్ద అంకె, ముందే తెలిసి దిగాలి. బూత్ ఏజెంట్లు అన్ని చోట్లా దొరకరు. వర్తక సంఘాలు బలంగా ఉన్న పట్టణ బూత్‌లను ముందు నింపండి, ఏజెంటును నియమించే ఫారం 10 సంతకాలు చేసి సిద్ధంగా ఉంచండి. పోలింగ్ అయ్యాక ఏజెంటు ఫారం 17సీ నకలు తీసుకోకుండా కదలకూడదు. ఆ బూత్‌లో ఎన్ని ఓట్లు పడ్డాయో, ఏ యంత్రం వాడారో అందులోనే ఉంటుంది, లెక్కింపు రోజు మీ కౌంటింగ్ ఏజెంటు పోల్చి చూసుకోవడానికి చేతిలో ఉండే కాగితం అదొక్కటే.

చట్టం_చదువరి:

ఒక్కటి చేర్చాలి. సంఘం తరఫున మీరెవరైనా ఆయన కోసం సొంతంగా సభ పెట్టినా, ఫ్లెక్సీ కట్టినా అభ్యర్థి రాతపూర్వక అనుమతి ముందే తీసుకోండి. అనుమతి లేకుండా పెట్టే ఖర్చు పెట్టినవాళ్ల మీద నేరమవుతుంది. అనుమతి ఇస్తే ఆ మొత్తం ఆయన రిజిస్టరులో రావాలి.