ఒక్క బండితో రేస్‌ట్రాక్ రోడ్డు ఎక్కొచ్చా?

ఎడారి బాటసారి:
కాలిఫోర్నియాలోని డెత్ వ్యాలీ నేషనల్ పార్కులో, రాళ్లు జరిగి గీతలు పడే ఎండిన చెరువు నేల రేస్‌ట్రాక్ ప్లాయాకి పొద్దున్నే బయల్దేరి చీకటి పడేలోపు తిరిగి రావాలని ఎవరడిగినా, మనవాళ్లు ఠక్కున చెప్పే మాట ఒకటే: "రెండు బళ్లుంటేనే వెళ్లు, లేదంటే వద్దు." దీన్ని నేను ఒప్పుకోను.

యుబెహెబీ క్రేటర్ అనే అగ్నిపర్వత బిలం దగ్గర తారు రోడ్డు అయిపోతుంది. అక్కణ్ణుంచి ప్లాయాకి 27 మైళ్లు కంకర రోడ్డు. వాన పడని రోజుల్లో బండి దిగబడే ఇసుకా ఉండదు, గుండె జారే ఎక్కుడూ ఉండదు. అక్కడ మనల్ని ఆపేది టైరు. కత్తి అంచుల్లాంటి రాళ్లు దారి పొడుగునా పరుచుకుని ఉంటాయి. కొనేటప్పుడు బండితో వచ్చిన టైర్లు ఊళ్లో తిరగడానికి తయారైనవి. అలాంటి టైర్లతో రెండు బళ్లు వెళ్తే పంక్చరయ్యే టైర్లు నాలుగు కాదు, ఎనిమిది. మందం టైర్లు, పూర్తి సైజు స్టెప్నీ, వీలైతే రెండోది, ఫోను సిగ్నల్ లేనిచోటా కబురు పంపే శాటిలైట్ మెసెంజర్, సరిపడా నీళ్లు ఉన్న ఒక్క బండి అంతకంటే నయం. రెండో బండి ఉందన్న ధీమాతో మిగతావన్నీ ఇంట్లో వదిలేసి వచ్చేవాళ్లని చూస్తూనే ఉన్నాను.

నాలుగు చక్రాలు:
అన్నా, టైర్ల వరకూ సరే. మరి నడిపేవాడికే ఒంట్లో బాగోలేకపోతే? రాయి తగిలి బండి అడుగున ఆయిల్ పాన్ పగిలితే? మెసెంజర్ నొక్కితే కబురు వెళ్తుంది, మనిషి వెంటనే రాడు. ఆ 27 మైళ్లకి మనకే దాదాపు రెండు గంటలు పడుతుంది, వచ్చేవాళ్లకీ అంతే. పైగా వాళ్లు ఎక్కణ్ణుంచో బయల్దేరాలి. డిసెంబరులో నాలుగున్నరకల్లా పొద్దుగూకుతుంది. ప్లాయా సముద్రమట్టానికి 3,700 అడుగుల ఎత్తులో ఉంది, రాత్రి చలి మామూలుగా ఉండదు. రెండో బండి ఉంటే అందరూ అందులో ఎక్కి వచ్చేయొచ్చు, ఆగిన బండి సంగతి మర్నాడు చూసుకోవచ్చు. నేను రెండో బండి కావాలనేది అందుకు, టైరు మార్చడానికి కాదు.

కర్నూలు టు నెవాడా:
నేను వేగస్‌లో ఉంటాను. మీ ఇద్దరూ సొంత బళ్ల గురించి మాట్లాడుతున్నారు. కానీ మనవాళ్లలో ఎక్కువమంది విమానం దిగి ఎయిర్‌పోర్టులో అద్దె ఎస్‌యూవీ తీసుకుని వస్తారు. బండి మీద ఏడబ్ల్యూడీ (నాలుగు చక్రాలకీ ఇంజన్ బలం అందేది) అని రాసి ఉంటే చాలు, ఎక్కడికైనా వెళ్లొచ్చనుకుంటారు. అద్దె కాగితాల్లో చిన్న అక్షరాలు చదవండి. తారు లేని రోడ్డెక్కితే కవరేజి ఉండదని చాలావాటిలో రాసి ఉంటుంది. స్టెప్నీ అయితే సన్నటి తాత్కాలిక టైరు, కొన్నింటిలో అదీ ఉండదు, గాలి కొట్టే డబ్బా ఒకటి పెట్టి పంపుతారు. ఆ రోడ్డు మీంచి బండిని లాక్కురావాలంటే వెయ్యి డాలర్లు దాటుతుంది. ఒక్క బండా రెండు బళ్లా అన్నది తర్వాతి మాట. ఆ బండి అసలు వెళ్లదగినదేనా అన్నది ముందు తేల్చండి.

1996లో జర్మనీ నుంచి వచ్చిన నలుగురు, అందులో ఇద్దరు పిల్లలు, జులైలో అద్దె మినీవ్యాన్‌తో ఇదే పార్కులో దక్షిణం వైపున్న యాన్విల్ క్యాన్యన్‌లోకి వెళ్లారు. టైర్లలో గాలి పోయిన వ్యాన్ అక్టోబరులో కనిపించింది. పెద్దవాళ్ల ఎముకలు దొరికింది 2009లో. ఆ నలుగురూ నాకు ఎప్పుడూ గుర్తొస్తారు.

ఎడారి బాటసారి:
ఆ కుటుంబం సంగతి తల్చుకుంటే నాకూ మనసు పాడవుతుంది. కానీ దాన్ని ఇక్కడ కొలబద్దగా పెట్టడం సరికాదు. వాళ్లు వెళ్లింది నడివేసవిలో, రాకపోకలే లేని దారిలోకి. రేస్‌ట్రాక్ రోడ్డులో చలికాలం వారాంతాల్లో ఎదురు బళ్లు కనిపిస్తూనే ఉంటాయి. ఆ కుటుంబం విషయంలో నాకు అర్థమైంది వేరే: వాళ్లు ఏ దారిలో వెళ్లారో తెలిసినవాళ్లు ఎవరూ లేరు. అందుకే నేను బయల్దేరే ముందు ఇంట్లో దారి రాసి ఇస్తాను. ఫలానా టైముకి కబురు రాకపోతే పార్కువాళ్లకి ఫోన్ చెయ్యండని చెబుతాను. యుబెహెబీ దాటాక ఫోనుకి సిగ్నల్ ఉంటుందని ఆశ పెట్టుకోవద్దు.

ఫీనిక్స్ పిల్ల:
గుంపుగా వెళ్లడానికి ఇంకో వైపు కూడా ఉంది, అది ఎవరూ అనడం లేదు. ఐదారు బళ్లు వరసగా వెళ్తే వెనకాల బండికి దుమ్ము తప్ప ఏమీ కనపడదు. ముందువాళ్లని అందుకోవాలని వేగం పెంచుతారు. రోడ్డంతా ముడతలే కాబట్టి కొందరు పక్కకి దిగి నడుపుతారు. అక్కడ రోడ్డు దిగడం చట్టరీత్యా నేరం. నేషనల్ పార్కులో మట్టిరోడ్ల మీద తిరగనిస్తారు, రోడ్డు వదిలి తిరగనివ్వరు. ఇసుక దిబ్బలెక్కించాలని సరదా ఉంటే బేకర్ ఊరికి ఉత్తరాన డ్యూమాంట్ డ్యూన్స్ ఉన్నాయి, అది అందుకోసమే ఉంది.

2016లో ఎవరో ప్లాయా మీదకే బండి దించారు. దాదాపు పది మైళ్ల టైరు గుర్తులు. ఆ నేలని దగ్గరగా చూడండి: అరచేతిలో పట్టేంత మట్టి పెచ్చులు, ఐదారు కోణాలతో, ఒకదాని పక్కన ఒకటి పేర్చినట్టు ఉంటాయి. మధ్యలో గీసినట్టు ఒక కాలువ, దాని చివర రాయి. ఆ రాళ్లు ఎలా కదులుతాయో 2013 డిసెంబరులోగానీ ఎవరూ కళ్లారా చూడలేదు. వాన నీళ్ల మీద పల్చగా మంచు కట్టి, ఎండకి విరిగి, చిన్న గాలికే ఆ మంచు పలకలు రాళ్లని నెడతాయి. నేల తడిగా ఉన్నప్పుడు నడిచినా అడుగుజాడ ఏళ్ల తరబడి ఉండిపోతుంది. ఎన్ని బళ్లతో వెళ్లినా సరే, నేల తడిగా ఉంటే దాని మీద కాలు పెట్టకండి.

నాలుగు చక్రాలు:
ఇందులో ఒక్క ముక్కా కాదనను. కానీ నేనడిగింది రెండు బళ్లే, ఊరేగింపు కాదు. దుమ్ము అడ్డమైతే దూరం పాటించొచ్చు, జంక్షన్ల దగ్గర కలుసుకోవచ్చు. దారిలో టీకెటిల్ జంక్షన్ దగ్గర ఎలాగూ అందరూ ఆగుతారు, ఆ బోర్డుకి వేలాడదీసిన కెటిల్స్ ఫొటో తీసుకోవడానికి.

బే ఏరియా నాన్న:
నేను కొత్త. మాకు టయోటా హైలాండర్ ఎస్‌యూవీ ఉంది, సొంతానిదే. టైర్లు మామూలువే. ఏడేళ్ల పాప, మా అమ్మగారు కూడా వస్తారు. గాలి తగ్గిస్తే పంక్చరు కాదంటున్నారు, నిజమేనా అండీ?

ఎడారి బాటసారి:
గాలి 35 నుంచి 25 పీఎస్‌ఐ దాకా దించితే టైరు రాయి మీద కాస్త ఒదిగి వెళ్తుంది, ముడతల మీద కుదుపూ తగ్గుతుంది. అంతవరకే నిజం. గాలి దించితే టైరు పక్కలకి ఉబ్బుతుంది. మామూలు టైరుకి సైడ్‌వాలే బలహీనం, రాయి అక్కడ కోస్తే పంక్చరు పూడ్చే ప్లగ్ కిట్ పనిచెయ్యదు. మళ్లీ తారు ఎక్కాక గాలి కొట్టుకోవడానికి కంప్రెసర్ కూడా ఉండాలి. మీ టైర్లతో, పెద్దావిడతో, పాపతో ఈ రోడ్డు వద్దండీ. యుబెహెబీ క్రేటర్ దాకా తారే, అది చూడండి. జాబ్రిస్కీ పాయింట్ దగ్గర ట్వంటీ మ్యూల్ టీమ్ క్యాన్యన్‌లో 2.7 మైళ్ల మట్టిరోడ్డు ఉంది, వాన లేని రోజుల్లో మామూలు కార్లు కూడా తిరుగుతాయి. పాప అక్కడే ఎక్కువ సంతోషిస్తుంది. పెట్రోలు మాత్రం ఫర్నెస్ క్రీక్‌లోనో స్టవ్‌పైప్ వెల్స్‌లోనో నింపుకోండి, ఉత్తరం వైపు బంకుల్లేవు.

కర్నూలు టు నెవాడా:
రాళ్లే చూడాలని ఉంటే ఆ రోడ్ల కోసమే సిద్ధం చేసిన జీపు అద్దెకి తీసుకోండి. ఖర్చే, కానీ టైర్లు సరైనవి ఉంటాయి. ముందు రోజు పార్కు సైట్లో రోడ్ల పరిస్థితి చూడడం మర్చిపోవద్దు. 2023 ఆగస్టులో ఒక్క రోజు వానకి పార్కు మొత్తం రెండు నెలల దాకా మూసేశారు.

నాలుగు చక్రాలు:
బాటసారి అన్నా, మీ దారిలోనే అడుగుతాను. మందం టైర్లు, స్టెప్నీలు, మెసెంజర్ అన్నీ ఉండి, నడపడం వచ్చినవాళ్లు ఇద్దరుంటేనే ఒక్క బండి అని చెప్పండి, అప్పుడు మీతో వాదన సగం తగ్గిస్తాను.

ఎడారి బాటసారి:
నడిపేవాళ్లు ఇద్దరు అన్నది నేను ముందే చెప్పాల్సిన షరతు తమ్ముడూ, చేర్చుకుంటున్నా. రెండో బండి తప్పనిసరి అంటే మాత్రం ఇప్పటికీ ఒప్పుకోను.

నాలుగు చక్రాలు:
సరే. మా ఇంట్లోవాళ్లని ఎక్కించుకుని రెండో బండి లేకుండా నేను యుబెహెబీకి ముందొచ్చే గ్రేప్‌వైన్ జంక్షన్ దాటను.